రెండో బాప్తిస్మం

బార్బెక్యూ అన్నారు. అమెరికాలోని ఫ్రిస్కోలో మా అమ్మాయి పర్సిస్ చేసుకోబోయే అబ్బాయి జెరెమీ వాళ్లింటికి శనివారం మధ్యాహ్నం అందుకే బయల్దేరాం. ఊరికే ఏం వెళతామని పులిహోర కూడా కలిపి పట్టుకెళ్లాను. పెరట్లోకి అడుగుపెడితే స్విమ్మింగ్ పూల్ చుట్టూ వరసగా కుర్చీలు, మైకు, కీబోర్డు. మధ్యలో తెల్లటి పొడుగు గౌనులో పర్సిస్.

"ఏంటే ఇది?" అన్నాను.

"మమ్మీ, ప్లీజ్, సీన్ చేయకు. ఇవాళ నా బాప్టిజం. ముందే చెప్తే డాడీ రారని చెప్పలేదు. నిలువునా నీళ్లలో ముంచే ఇమ్మర్షన్ బాప్టిజం లేకపోతే వీళ్ల చర్చిలో మెంబర్‌షిప్ ఇవ్వరు. మెంబర్‌షిప్ లేకపోతే పాస్టర్ గారు మా పెళ్లి చేయరు."

నెలల పిల్లగా ఉన్నప్పుడే దానికి వాళ్ల నాన్న చేతులతోనే బాప్తిస్మం అయింది. మా ఆయన దైవాశీర్వాదం సి.ఎస్.ఐ. చర్చిలో గురువుగా చేసి రిటైరైన మనిషి. మాది ఆంగ్లికన్ దొరల నాటి నుంచి వచ్చిన పద్ధతి. చంటిపిల్లలకు బాప్తిస్మం, ఎదిగాక బిషప్పుగారు తల మీద చేతులుంచి విశ్వాసంలో స్థిరపరచడం, ఆరాధనలో పుస్తకంలో ఉన్న ప్రార్థన ఉన్నట్టు చదవడం. ఆ పూట ఎవరికేం తోస్తే అది కాదు. బాప్తిస్మం మనిషికి ఒక్కసారే. రెండోది తీసుకోవడమంటే మొదటిది ఉత్తదని చాటడమే.

ఆయన వైపు చూశాను. మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అయినా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏదో ఒకటి అనండి," అన్నాను చెవిలో.

"ఏమనమంటావు దేవకుమారీ? దేవుడు ఒకసారి ఇచ్చింది ఎవరూ తీసెయ్యలేరు. మళ్లీ ముంచితే అమ్మాయి తడుస్తుంది, అంతే."

ఆయన నిబ్బరం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

పాస్టరు కుర్రవాడే. నడుం లోతు నీళ్లలో నిలబడి మైకు అందుకున్నాడు. "చంటిపిల్లల మీద నీళ్లు చల్లడం బాప్తిస్మం కాదండీ. అది తల్లిదండ్రుల సరదా," అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

సరదానా? పర్సిస్ కంటే ముందు మాకొక మగపిల్లాడు. ఏలూరు ఆసుపత్రిలో పుడుతూనే నీలంగా మారిపోతుంటే, మా ఆయన స్టీలు గ్లాసులో వేళ్లు ముంచి, వాడి నుదుటి మీద మూడుసార్లు నీళ్లు చల్లి 'షాలోమ్' అని పేరు పెట్టి బాప్తిస్మం ఇచ్చారు. సాయంత్రానికి పోయాడు. వాడికి ఈ లోకంలో దక్కింది ఆ పేరు, ఆ కాసిని నీళ్లు. వాడు దేవుడి దగ్గర ఉన్నాడన్న నమ్మకానికి ఇన్నేళ్లూ నాకున్న ఆధారం అదొక్కటే.

పర్సిస్ నీళ్లలోకి దిగింది. "ఇంతకు ముందు బాప్తిస్మం పొందావామ్మా?" అని పాస్టరు మైకులో అడిగాడు.

అది మా వైపు చూడలేదు. "లేదండీ," అంది.

లేదట! గూబ మీద కొట్టినట్టయింది. పక్కన ఆయన కళ్లు మూసుకున్నారు. ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడి గట్టిగా అరిచాను.

"అయితే నా షాలోమ్ ఏమైనట్టే? మీ అన్నయ్య ఏమైనట్టు?"

అప్పటికే పాస్టరు దాన్ని వెనక్కి వంచి ముంచేశాడు. కీబోర్డు ఆగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూతి మీద చేయి పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నట్టే ఉండిపోయారు.

పర్సిస్ నవ్వుతూ పైకి లేచింది. జనం ఎందుకలా బిగుసుకుపోయారో దానికి అర్థం కాలేదు. చెవుల్లో నీళ్లు దులుపుకుంటూ నన్ను చూసింది.

"ఏదో అన్నావు మమ్మీ, వినపడలేదు."

పాస్టరు తల దించుకున్నాడు.

"ఏం లేదు. తల తుడుచుకో, జలుబు చేస్తుంది," అన్నాను.