సైరన్ మోగని రోజు

మా కాలనీలో ఎవరినైనా అడగండి, బండ సంగతి పోశంకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదంటారు. మీరు అడగకపోతే నేనే చెబుతాను. గోదావరిఖని బొగ్గు బాయిల్లో ముప్పై ఏండ్లు పైకప్పు కింద కట్టెలు నిలబెట్టే పని చేశాను. అన్ని ఏండ్లలో నాకు చెప్పకుండా పెంకంత బండ కూడా రాలలేదు. కూలే ముందు అది కొత్త కోడలి ఎదుట అత్త గొంతు సవరించుకున్నట్టు ఖళ్లున దగ్గేది. ఒకసారైతే పేరు పెట్టి పిలిచింది. "పోశం, జర పక్కకు జరుగు, నేను దిగుతున్న" అంది. నేను జరిగాను, అది దిగింది.

అందుకే మా మనుమరాలు హర్షిణికి ఫిట్స్ మొదలైనప్పుడు ఇంట్లో ధైర్యంగా ఉన్నది నేనొక్కణ్నే. బండైనా మనిషైనా పడే ముందు చెప్పకుండా పడదని నా నమ్మకం.

నా కోడలు మమతకు ఆ నమ్మకం లేదు. తొమ్మిదేండ్ల పిల్ల, పొద్దున రాత్రి మందులు వేసుకుంటున్నా అప్పుడప్పుడు పడిపోతూనే ఉంది. ఒకసారి మెట్టు తగిలి గడ్డం కింద కుట్లు పడ్డాయి. అప్పటినుంచి ఆటలన్నీ గేటు లోపలే. నా కొడుకు జగదీశ్వర్ పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్ కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు, ఇంట్లో మాత్రం స్టీరింగు మమత చేతిలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే బడిలో ఆటలు నేర్పే ఫెబా టీచర్ ఇంటికొచ్చి, హర్షిణిని ఖోఖో జట్టులోకి తీసుకున్నానని చెప్పింది.

"మంచిర్యాలల ఆట. బస్సుల పోయి బస్సుల వస్తం. నేను పక్కన్నే ఉంట మమతక్కా."

"నువ్వు పక్కన్నే ఉంటవ్ టీచర్. కింద రాళ్లు గూడ పక్కన్నే ఉంటయి," అంది మమత. "పడే ముందు ఒక్క మాట చెప్పి పడితే యాడికైనా పంపుత. చెప్పకుంట పడ్తది. ఎట్ల పంపాలె?"

తలుపు చాటున నిలబడి వింటున్న హర్షిణి మొహం ముడుచుకుని అక్కడే చతికిలబడింది. ఆ పిల్లకు ఖోఖో అంటే అన్నం కంటే ఎక్కువ.

"చెప్తనే ఉంటది బిడ్డా, మనకే ఇనవస్తలేదు," అన్నాను.

"నీ బాయి ముచ్చట్లు గిప్పుడొద్దు మామా."

మా కాలనీ ఓపెన్ కాస్ట్ పక్కనే. బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతుంది. మోగగానే ఊరంతా చేస్తున్న పని ఆపేస్తుంది. పొయ్యి దగ్గర ఉన్నవాళ్లు గిన్నె పట్టుకుంటారు, గడ్డం గీసేవాడు కత్తి పైకెత్తుతాడు, నా బోటివాళ్లు కట్టుడు పళ్లు సర్దుకుంటారు. ధామ్మని కిటికీలు వణికాక మళ్లీ ఎవరి పని వాళ్లది. ఇక్కడి పిల్లలు నడక కంటే ముందు ఈ ఆగడం నేర్చుకుంటారు. హర్షిణికి నేనే ఆటలా నేర్పాను. అందుకే ఆ పిల్ల ముద్ద నోటి దగ్గర ఆపి గోడ వైపు చూస్తూ ఉండిపోయినా మేమెవరం పట్టించుకోలేదు. చుట్టుపక్కల అన్నీ గనులే, మా ముసలి చెవులకు అందని సైరన్ ఏదో చిన్న చెవులకు అందిందనుకునేవాళ్లం.

ఒకరోజు గనుల్లో సమ్మె. వరండాలో కూర్చుని నేనూ హర్షిణీ అనపకాయలు ఒలుస్తున్నాం. ఉన్నట్టుండి పిల్ల చేతులు ఆగాయి. చూపు గోడ మీద నిలిచింది. కుడిచేతి వేళ్లు గౌను అంచును పట్టుకుని నలుపుతున్నాయి. పెదవులు ఏదో చప్పరిస్తున్నట్టు కదిలాయి.

"వస్తున్నదా ధామ్?" అన్నాను అలవాటుగా.

పలకలేదు. కిటికీ వణుకుతుందని నేను పక్కనున్న గాజు గ్లాసు పట్టుకున్నాను. కిటికీ వణకలేదు. పిల్ల వణికింది.

మమత పరుగున వచ్చి పిల్లను ఒక పక్కకు తిప్పింది, తల కింద తువ్వాల మడిచి పెట్టింది, గడియారం చూసుకుంది. పక్కింటి సారవ్వ తాళాల గుత్తితో దిగింది.

"చేతుల ఇనుము పెట్టుండ్రి."

"వద్దు సారవ్వా. చేతుల, నోట్ల ఏం పెట్టద్దన్నరు దవాఖానల. గట్టిగ పట్టుకోవద్దన్నరు."

"గట్లనా. బీరువా తాళం గూడ తెస్తినే," అని సారవ్వ గుత్తిని మళ్లీ కొంగుకు కట్టుకుంది.

కాసేపటికి వణుకు తగ్గి పిల్ల నిద్రపోయింది. నేను ఒలవని కాయల ముందు కూర్చుని ఉన్నాను.

"మమతా, ఇయ్యాల సైరన్ మోగిందా?"

"సమ్మె గద మామా. ఎట్ల మోగుతది?"

"మరి పిల్ల దేనికి ఆగింది?"

తుడుస్తున్న గుడ్డ మమత చేతిలో అలాగే నిలిచిపోయింది.

హర్షిణి లేచాక నెమ్మదిగా అడిగాను. "పొద్దుగాల ఏమిన్నవ్ బిడ్డా?"

"ఏం ఇనలే తాతా. బొగ్గు కాలిన వాసనొచ్చింది. కడుపులకెల్లి ఏదో పైకెక్కింది, జాతరల రంగులరాట్నం దిగేటప్పటి లెక్క."

"ముందుగాల గూడ గట్లనేనా?"

"ఎప్పుడూ గట్లనే."

"మరి చెప్పవేందే?" అంది మమత.

"మన కాడ బొగ్గు వాసన రాందెప్పుడు? మీకు గూడ వస్తుందనుకున్న."

ఆ రోజు సారవ్వ బొగ్గుల పొయ్యి కూడా ముట్టించలేదు, మాకెవరికీ ఆ వాసన రాలేదు.

తర్వాతి సారి పిల్ల అలా ఆగడాన్ని మమత ఫోనులో పట్టింది. కరీంనగర్‌లో డాక్టరమ్మ ఆ వీడియోను రెండుసార్లు చూసింది. "ఇది పరధ్యానం కాదమ్మా, ఫిట్స్ ఇక్కడే మొదలవుతున్నాయి. అందరికీ ఇలా ముందు తెలియదు, మీ పాపకు తెలుస్తోంది. ఆ కాస్త సమయంలో కూర్చోగలిగితే దెబ్బలు తప్పుతాయి," అంది. మందు కొంచెం మార్చి, ఒక్క పూట కూడా మానొద్దంది. ఆడుకోనివ్వమంది. నీళ్లలోకి ఒంటరిగా పంపొద్దు, ఎత్తులు ఎక్కనివ్వొద్దు, పక్కనున్నవాళ్లకు విషయం తెలిసి ఉండాలి, వణుకు ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి అని చెప్పింది.

"నేను ముందుగాలనే చెప్పిన డాక్టరమ్మా, మా బాయిల బండ గూడ..."

"మామా," అంది మమత.

ఆ వారమంతా నేను డ్యూటీలో ఉన్నాను. హర్షిణి కాస్త ఆగితే చాలు, "కూసో, కూసో" అని భుజం నొక్కేవాణ్ని. ఎక్కాలు గుర్తు చేసుకుంటుంటే కూర్చోబెట్టాను. బల్లిని చూస్తుంటే కూర్చోబెట్టాను. తుమ్ము రాబోతుంటే కూడా కూర్చోబెట్టాను.

"తాతా, నేను సోచాయిస్తున్న, ఆలోచన గూడ చెయ్యద్దా?" అంది పిల్ల విసుక్కుంటూ. "బండ నీకు ప్రతిసారి చెప్పేదా నిజంగ?"

ఆ కళ్ల ముందు కోతలు కోయడం కష్టం. "లేదే. ఒకనాడు బండ కింద కూసోని, ఇది ఇంకో పదేండ్లు కదలదని అందరికి చెప్పుకుంట టిఫిన్ ఇప్పిన. పక్కోడు కాలర్ పట్టి గుంజిండు. టిఫిన్ ఇంకా ఆ బండ కిందనే ఉన్నది, పులిహోరతోని సహా."

హర్షిణి పడీపడీ నవ్వింది. "గట్లయితే నువ్వు చూసుడు బంద్ చెయ్యి. వాసన నాకొస్తది గద, నేనే చెప్త. చెయ్యి లేపి కింద కూసుంట."

ఫెబా టీచర్ ఆ గుర్తును జట్టులో పిల్లలందరికీ నేర్పింది. హర్షిణి చెయ్యి లేపితే ఆట ఆపాలి, చుట్టూ మూగొద్దు, టీచర్‌ను పిలవాలి. మూడో రోజు మమత పిల్లకు ఆటబూట్లు కొనుక్కొచ్చింది. "నేను గూడ వస్త," అంది.

మంచిర్యాలలో ఆట మంచి పట్టు మీద ఉంది. హర్షిణి వరుసలో కూర్చుని, వెనుక నుంచి ఖో వినబడితే లేవడానికి సిద్ధంగా ఉంది. మైదానం ఈ చివర నుంచి నేను చూశాను. వేళ్లు గౌను అంచు మీదికి పోయాయి. "పిల్లా, చెయ్యి లేపు" అని నేను వేసిన కేకకు గోదావరి అవతల మా కాలనీలో కిటికీలు వణికాయి. పిల్ల చెయ్యి లేపి ఒరిగి కూర్చుంది. ఆడపిల్లలంతా ఎక్కడివాళ్లు అక్కడే ఆగారు, మా కాలనీ ఆగినట్టే. ఫెబా టీచర్ వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆ రోజు అది వణుకు దాకా పోలేదు, కాసేపు చూపు నిలిచి తిరిగొచ్చింది. ఎక్కడా గీత పడలేదు. మిగతా ఆటను తల్లి ఒడిలో తలపెట్టి నీడలోంచి చూసింది పిల్ల.

మా జట్టు ఓడిపోయింది. తిరుగు బస్సులో మమత కిటికీలోంచి బయటికి చూస్తూ, "టీచర్, మళ్ల ఆట ఎప్పుడు?" అని అడిగింది. హర్షిణి నిద్ర నటిస్తూ నవ్వుకుంది.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించింది ఉంది. పులిహోర కాదు, అది నిజమే, ఇప్పటికీ బాధగా ఉంది. ఆ మైదానంలో నేను చూశాను, కేక వేశాను అన్నది అబద్ధం. ఆ సమయానికి నేను గేటు బయట మిర్చిబజ్జీల బండి దగ్గర ఉన్నాను, నోరు కాలి కేక వేసే స్థితిలో కూడా లేను. వాసన పట్టింది పిల్లే, చెయ్యి లేపింది పిల్లే. నేను వచ్చేసరికి తల్లి ఒడిలో కళ్లు తెరిచి, "తాతా, నాకు బజ్జి ఏది?" అంది.