సొరుగులో చెంచాలు

అతను పసిపిల్లల సామాన్ల కొట్లో పదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఏ సీసాకి ఏ పీక నప్పుతుందో, ఏ డైపరు ఎంతసేపు ఆగుతుందో కళ్లు మూసుకుని చెప్పేస్తాడని తోటివాళ్లు ‘డాక్టరు’ అని పేరు పెట్టారు. పెళ్లయిన ఆరేళ్లకి కూతురు పుట్టేసరికి ఇంక అతన్ని పట్టేవాళ్లెవరు! సగం కొట్టు ఇంటికి మోసుకొచ్చాడు. సీసాలు మరిగించే మిషను, ఊగే కుర్చీ, ఆఖరికి పిల్లల తూకం మిషను కూడా.

ఆ తూకమే ఇప్పుడు అతని ప్రాణం తోడేస్తోంది. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందలున్న పిల్ల, ఇరవయ్యో రోజుకి రెండు కిలోల ఆరు వందలకి దిగింది. తల్లిపాలు చాలక పన్నెండు రోజులుగా డబ్బాపాలు పడుతున్నారు. పిల్ల చివరి చుక్కదాకా లాగేస్తుంది, అయినా ఏడుస్తుంది. రెండ్రోజులుగా ఏడవడానికి కూడా ఓపిక లేదు.

“పాలు ఎలా కలుపుతున్నారు?” అని నిన్న పిల్లని చూడ్డానికి ఇంటికొచ్చిన నర్సమ్మ అడిగింది.

“డబ్బా మీద రాసినట్టే అండీ. అరవై మిల్లీల నీళ్లకి ఒక చెంచా,” అంది భార్య.

“రేపు సాయంత్రం మళ్లీ తూస్తాను. పెరక్కపోతే ఆసుపత్రిలో చేర్పించాల్సిందే.”

ఈ పొద్దున కొట్టుకి బయల్దేరుతూ అతను నోరు జారాడు. “నీకు పట్టడం చేతకావట్లేదేమో. అందరూ పెంచుకోవడం లేదూ?” ఆమె ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ సంచిలోంచి పాలడబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అతని ఇంట్లో వాడేదీ అదే రకం.

“నాయనా, ఇందులో చెంచా మా మనవడు విరగ్గొట్టాడు. ఒకటుంటే ఇద్దూ.”

అతను అలవాటుగా సొరుగు లాగాడు. నలిగిపోయి అమ్ముడుకాని రకరకాల పాలడబ్బాల్లోంచి తీసి దాచిన చెంచాలవి. అడిగినవాళ్లకి ఊరికే ఇస్తాడు. తన ఇంటి డబ్బాలో చెంచా పొడిలో కూరుకుపోతోందని, మొదటి రోజే కాడ పొడుగ్గా ఉన్నది ఒకటి తనూ తీసుకెళ్లాడు. అలాంటిదే ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, విరిగిన ముక్కని దాని పక్కన పెట్టి చూసింది. “ఇది కాదు నాయనా. మాది దీనికి రెండింతలుంటుంది.”

అతను అరలోంచి ఆ పొడుగుకాడ చెంచా వచ్చే డబ్బా తీశాడు. ముప్ఫై మిల్లీలకి ఒక చెంచా అని రాసుంది. ఇంట్లో దాంతో అరవై మిల్లీలకి ఒకటే వేస్తున్నారు. పన్నెండు రోజులుగా పిల్లకి పట్టింది సగం పాలు, సగం ఒట్టి నీళ్లు. కడుపు మాడ్చింది తనే.

ఇంటికి ఫోన్ చేశాడు. “నేను తెచ్చిన చెంచా పారెయ్. డబ్బా అడుగున పాతది ఉంటుంది, దాంతో కలుపు. నాది చిన్నది. తప్పు నాదే.”

అవతల డబ్బా చప్పుడు, నీళ్ల చప్పుడు, పిల్ల సన్నటి మూలుగు. తర్వాత అదీ ఆగింది.

“తాగుతోంది,” అంది ఆమె. “నాకు చేతకాదన్నావు.”

“అన్నాను. ఇప్పుడే వస్తున్నా, ఆసుపత్రికి తీసుకెళ్దాం. ఏమైనా తేనా?”

“ఏమీ తేకు. నువ్వు రా.”

సొరుగు ఊడబెరికి చెంచాలన్నీ చెత్తబుట్టలో బోర్లించాడు. ఇందులోవి ఇంకెన్ని ఇళ్లకి వెళ్లాయో అతనికే తెలీదు. కూతురు పుట్టాక మొదటిసారి, ఒట్టి చేతులతో ఇంటికి పరిగెత్తాడు.