బండెక్కని రాహేలు

ఆ ఏడు, అంటే ఎనభై ఏడులో, క్రిస్మస్‌కు ఎప్పటి పశువుల పాక నాటకం వద్దన్నాడు సత్యానందం సారు. కోటగిరి దగ్గరి ఆ చిన్న మెథడిస్టు గుడిలో వార్సా నగరపు యూదుల తిరుగుబాటు ఆడిద్దామన్నాడు. చంపడానికి రైలెక్కించబోయిన జర్మనీ సైనికులను, నేలమాళిగల్లో దాక్కుని, దొరికిన కాసిని తుపాకులతో వారాల తరబడి ఎదిరించిన వాళ్ల కథ.

అందులో తిరగబడే యూదు ఆడమనిషి రాహేలు వేషం ఎల్లవ్వది. చెరకు కొట్టే మనిషి. నోరు పెద్దది, చదువు సున్నా. ఆడేవాళ్లలో చాలామంది అంతే. అందుకే సారు తెర వెనక నిలబడి ఒక్కో మాటా మెల్లగా అందిస్తాడు, వీళ్లు గట్టిగా అంటారు. ఆ గొంతు మీద అంత నమ్మకం వీళ్లకు.

"ఆఖరుకు గెలిచిండ్రా సారూ?" అనడిగింది ఎల్లవ్వ.

"లే ఎల్లవ్వా. శానమంది సచ్చిండ్రు. గని ఊకెనే పోలే, కొట్లాడిండ్రు. లోకం గదే మర్సిపోతది."

"నేను మర్వనియ్య. 'మేం బండెక్కం' అన్న మాట నాకు అందియ్యకుండ్రి. అదే వస్తది."

చెరకు కొడుతూ కూడా ఆ మాటే అనుకునేది.

పండుగ నాడు ముందు వరుసలో రాజారాం పటేలు కూర్చున్నాడు. ఆడేవాళ్లంతా ఆయన తోటలో కూలీలే. సైనికుల వేషాలు రాగానే ఎల్లవ్వ కట్టె పట్టుకుని లేచింది. తెర వెనక గొంతు కొత్త మాట అందించింది.

"ఇది దేవుని చిత్తం. మోకరించి బండెక్కుదాం."

అందరూ అలవాటుగా అదే అన్నారు, మోకరించారు. ఎల్లవ్వ బిత్తరపోయి తెర వైపు చూసింది. "మోకరించు," అంది మళ్లీ ఆ పిరికి గొంతు.

"మేం బండెక్కం!" అని అరిచింది ఎల్లవ్వ.

జనం గొల్లున నవ్వారు. "ఎల్లవ్వ మాట మర్సిపోయిందే!" అన్నారెవరో. పటేలు కూడా నవ్వాడు. సారు తెర దించేశాడు.

"గిట్ల జేసిండ్రేంది సారూ?" అని తెర వెనకే నిలదీసింది ఎల్లవ్వ.

"పొద్దుగాల పటేలు పిలిపిచ్చిండు. కూలోళ్లకు తిరగబడుడు సూపియ్యొద్దన్నడు. జర సమజ్ చేస్కో."

"నాకు సమజైతది. గా సచ్చినోళ్లకు ఎవ్వలు సమజ్ చెయ్యాలె? ఊకెనే పోయిండ్రని మా నోటితోనే అనిపిస్తిరి."

సారు తెర మడతపెట్టసాగాడు. నమ్మించి మోసం చేశాడు. ఎల్లవ్వ వేషం బట్టల్లోనే బయటికొచ్చింది.

మెట్ల మీద ఆడవాళ్లు ఇంకా నవ్వుతున్నారు. "ఏందే, గా ఒక్క మాట యాదికుండలే నీకు?"

"నాకొక్కదానికే యాదికుంది," అంది ఎల్లవ్వ.