కలగలిసిన నాడులు

అక్కను డ్యూటీ నుంచి పక్కన పెట్టారని తెలియగానే చెల్లెలికి కడుపు మండిపోయింది.

అక్క ఆస్పత్రిలో గుండెజబ్బుల వార్డు నర్సు. పడకల దగ్గరి యంత్రాల నుంచి నాడి వివరాలను నర్సుల గదిలోని తెరకు చేరవేసే నెట్‌వర్కు చెల్లెలు పనిచేసే కంపెనీదే. ముందురోజు ఒక ముసలాయన గుండె లయ తప్పినా తెర మీద అంతా సవ్యంగానే కనిపించింది. పక్క పడకకు మందివ్వడానికి వెళ్ళిన అక్కే ఆయన వాలకం చూసి డాక్టర్ని పిలిచింది. ఆయన బతికాడు. నింద మాత్రం ఆమె మీద పడింది. తెర సరిగా చూడలేదట!

అసలు కారణం ఇంజనీరైన చెల్లెలికి తెలుసు. ఆ నెట్‌వర్కు అందరి వివరాలనూ కలగలిపి పంపుతుంది, అవతల గణితంతో విడదీస్తుంది. వేగం బాగుంటుంది గానీ ఆ వివరాలను మోసే ఒక్క ప్యాకెట్టు చెడినా కుండెడు పాలలో విషపు చుక్కే. అందుకే తప్పులు పట్టుకోవడానికి ఆమె అదనపు ప్యాకెట్లు పెట్టింది. వేగం తగ్గుతోందని కంపెనీ డైరెక్టరు వాటిని తీయించేశాడు. తప్పులు ఒకటీ అరా మించవని ఆయన మోడల్ లెక్క. లిఫ్టు మోటారు తిరిగితే ఆ విద్యుత్ అలజడికి తప్పులు గుంపులుగా వస్తాయని ఆమె మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

విచారణలో డైరెక్టరు తప్పంతా నర్సుదేనన్నాడు. చెల్లెలు లేచింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది సార్. ఒక్కసారి లిఫ్టు దగ్గరికి రండి."

విచారణ జరుపుతున్న పెద్ద డాక్టరు సరేనన్నారు. ఆయన వేలికొకటి, డైరెక్టరు వేలికొకటి నాడి చూసే క్లిప్పు తగిలించి, పక్కనే ఒక తెర పెట్టించి లిఫ్టును పైకీ కిందికీ తిప్పించింది. మొదట ఏమీ కాలేదు. డైరెక్టరు నవ్వుతూ క్లిప్పు తీసేశాడు. లిఫ్టు మళ్ళీ కదిలింది. తెర మీద డైరెక్టరు పేరు పక్కన నాడి కొట్టుకుంటూనే ఉంది.

"అది నాది," అన్నారు పెద్ద డాక్టరు మెల్లగా.

ఆ పూటే నెట్‌వర్కు ఆపించి, ప్రతి పడక దగ్గరా మనిషిని కూర్చోబెట్టారు. అదనపు ప్యాకెట్లు తిరిగి పెట్టాకే వాడతామన్నారు. డైరెక్టరు కుర్చీ కదల్లేదు. పరువు తీసిందని కంపెనీవాళ్ళు చెల్లెల్ని మాత్రం వేరే విభాగానికి తోసేశారు. ఆస్పత్రివాళ్ళు అక్కను మళ్ళీ రమ్మన్నారు, క్షమాపణ మాట ఎవరూ ఎత్తలేదు.

"ఊరికే ఎలా వెళ్తావే అక్కా? నిన్నంత మాటన్నారు కదా!"

"పడకల మీదున్నవాళ్ళు అన్నారా?" అంటూ అక్క చెప్పులు వేసుకుంది.

చెల్లెలి కోపం మాత్రం చల్లారలేదు. అక్కకు రావలసిన క్షమాపణ గురించి పెద్ద డాక్టరుతోనే తేల్చుకుందామని అక్క వెంటే బయల్దేరింది.