మామగారి కంట్లో సాయంత్రం

మామగారు చాలా ఏళ్లు సిటీ బస్సు నడిపారు. ఉన్నట్టుండి సాయంత్రం ట్రిప్పులు వద్దన్నారు. కొన్నాళ్లకు ఉద్యోగమే మానేశారు. ఎందుకని అడిగితే ఒకటే మాట: "చీకటి పడితే ఒక్కో లైటూ పది లైట్లవుతోంది." పగలు ఆస్పత్రిలో కూర్చోబెడితే మాత్రం చార్టులో ఆఖరి వరస దాకా తడుముకోకుండా చదివేసేవారు. దాంతో డిపోలో ఆయనకు 'పదిలైట్ల సారు' అని పేరు పడిపోయింది. ఇంట్లో కొడుకూ ఆ పేరుతోనే ఏడిపించేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

చివరికి ఒక డాక్టరమ్మ ఆయన కళ్లను స్కాన్ చేసింది.

"నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది కదా, అది అంచుల దగ్గర ఎగుడుదిగుడుగా ఉంది. వెలుతురులో కనుపాప చిన్నదైపోతుంది కాబట్టి తెలియదు. చీకట్లో విచ్చుకుంటుంది. అప్పుడు ఆయనకు లోకం ఎలా కనబడుతుందో నేను చెప్పలేనమ్మా," అంది వెంట వచ్చిన కోడలితో.

కోడలికి ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఆమె పనిచేసేది సూపర్ కంప్యూటర్ కేంద్రంలో. వెలుగు కిరణం ఎక్కడ పుట్టి, దేనికి తగిలి, ఎటు మళ్లుతుందో ఒక్కొక్కటిగా లెక్కగట్టి బొమ్మ గీసే ప్రోగ్రాం ఆమెది. ఇంకా కట్టని భవనాల్లో ఎండ ఎలా పడుతుందో అది చూపించేది. ఈసారి ఆమె వానకు తడిసిన రోడ్డును, వీధిదీపాలను, ఎదురొచ్చే బండ్లను అమర్చి, డ్రైవరు సీట్లో స్కాన్ కొలతలతో మామగారి కన్ను పెట్టింది. డాక్టరమ్మ పరిశోధన కింద రెండు పూటలు మిషన్లు వాడుకోవడానికి అనుమతీ దొరికింది.

మొదటిసారి బెడిసికొట్టింది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోసి, వేల ప్రాసెసర్లకు సమంగా పంచింది. ఉత్త ఆకాశం వచ్చినవి చిటికెలో ముగించి ఖాళీగా కూర్చున్నాయి. దీపాలు వచ్చినవి కిరణాల్లో మునిగిపోయాయి. ఇచ్చిన గడువు అయ్యేసరికి సరిగ్గా దీపాలుండాల్సిన చోటే బొమ్మకు చిల్లులు. పని అయిపోయినవి ఊరుకోకుండా పక్కవాటి పని అందుకునేలా ఆమె ప్రోగ్రాం మార్చి రాసింది. రెండోసారి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకెళ్లింది.

గోడంత తెర. ముందు ఒక మూల ఆకాశం, ఇంకో మూల రోడ్డు ముక్క, ఎక్కడెక్కడో గళ్లు వెలిగాయి. అవి ఒకదాన్నొకటి అందుకుంటూ కలిశాయి. ప్రతి దీపం నుంచీ ముళ్లలాంటి వెలుగులు చీలాయి. ఎదురొచ్చే ఒక్క బండికి దీపాల గుంపు మొలిచింది. తడిరోడ్డు మీద అదంతా మళ్లీ కిందికి జారింది. భయం పుట్టించేంత అందంగా ఉంది.

మామగారు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వెళ్లారు.

"ఇదేనమ్మా," అన్నారు కోడలితో. "అచ్చం ఇదే. నా కంట్లోకి ఎలా దూరావు?"

"నేను కాదు మామయ్యా, ఈ వేల మిషన్లూ కలిసి దూరాయి."

కొడుకూ లేచి ఆయన పక్కకు వచ్చాడు. "ఇందులో అసలు దారి ఏది నాన్నా?"

"ఆ మధ్యలో నల్లగా ఉంది చూడు, అది. వెలుగుతున్నదాన్ని నమ్మితే గుద్దేస్తాం."

"ఇలాగే నడిపారా బస్సు?"

"కొన్నాళ్లు. తర్వాత వెనక కూర్చున్నవాళ్లు గుర్తొచ్చి మానేశాను."

అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుంది. "అంతమందినీ ఇళ్లకు చేర్చారా ఇందులోంచి," అంది మెల్లగా. కోడలు తెరనూ ఆయననూ మార్చి మార్చి చూసింది. ఇన్ని మిషన్లు కిందామీదా పడి గీసిన ఒక్క బొమ్మను, ఈ మనిషి రోజూ క్షణక్షణం విడదీసుకుంటూ స్టీరింగు తిప్పాడు.

డాక్టరమ్మ ఆ బొమ్మ చూసి, కంటి మీద ఆ ఎగుడుదిగుడును కప్పేసే గట్టి లెన్సులు ఆయన కొలతలకే చేయించింది. అవి అలవాటు కావడానికి ఆయన కొన్ని వారాలు కళ్లు నలుపుకుంటూ తిప్పలు పడ్డారు. తర్వాత ఒక సాయంత్రం కొడుకు బండి తాళం తెచ్చి తండ్రి చేతిలో పెట్టి, తను పక్క సీట్లో కూర్చున్నాడు. బండి వీధి చివరికి వచ్చింది.

"ఎన్ని కనబడుతున్నాయి నాన్నా?"

"ఎన్ని ఉంటే అన్నే," అంటూ ఆయన బండిని పెద్దరోడ్డు మీదికి తిప్పారు.