గిలక కుట్టిన చేతులు

నాగవ్వకు ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ పురుడు వెళ్ళకముందే పోయారు. ఆ తర్వాత అత్త హన్మమ్మ ఆమెను ఏ బాలింత ఇంటి గడపా తొక్కనివ్వలేదు. తాండూరులో ఎవరింట పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల వేడుక జరిగినా తానొక్కతే వెళ్ళేది. చుట్టాలొస్తే కోడలు వెనక గదిలోకి పోవలసిందే. బంట్వారంలో పుట్టింటికి నాలుగు రోజులు పోయొస్తానన్నా, "ఆ ఇంట్ల పసిపిల్లలున్నరు, ఎవ్వలికన్న ఏమన్నైతే పేరు మనకొస్తది" అనేది. భర్త చంద్రప్ప బండల గనిలో పనికి పోయి పొద్దుగూకాక వచ్చేవాడు. మాట కదిపితే, "అమ్మతోని నాకెందుకు లొల్లి" అని కాళ్ళు కడుక్కోవడానికి లేచేవాడు.

ఆ గదిలో ఊరికే కూర్చోలేక నాగవ్వ పసిపిల్లలు ఆడించుకునే గిలకలు చేయడం మొదలుపెట్టింది. పారేసిన జర్దా డబ్బీలో నాలుగు చింతగింజలు వేసి, మూత ఊడకుండా దారంతో బిగించి, చుట్టూ దూది పరిచి, దర్జీ దుకాణం ముందు ఊడ్చిపోసిన పీలికలతో పైన తొడుగు కుట్టేది. పసినోటికి గుచ్చుకోకుండా ముడులన్నీ లోపలికి తోసేది. మొదటి గిలకను హన్మమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, కొంగులో చుట్టుకుని ఒక తొట్టెల వేడుకకు పట్టుకుపోయింది.

తిరిగొచ్చి, "నేనే కుట్టిన అని చెప్పిన. నీ పేరు చెప్తె తీస్కుంటరా?" అంది.

అందరికీ నచ్చింది. అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కుట్టేటప్పుడు ఎవరి కంటైనా పడుతుందని హన్మమ్మ బయట గొళ్ళెం పెట్టడం మొదలుపెట్టింది. చేతికి పని పెరిగినకొద్దీ తలుపు తెరుచుకోవడం తగ్గింది.

గొళ్ళెం పడ్డ మూడో ఏట ఆడబిడ్డ యాదమ్మ పురిటికొచ్చి కొడుకును కన్నది. ఒకే ఇంట్లో ఉండి కూడా ఐదు నెలలపాటు నాగవ్వ వాడి ముఖం చూడలేదు. ఏడుపు వినేది. అది ఆకలి ఏడుపో నిద్ర ఏడుపో గోడ ఇవతలినుంచే తెలిసిపోయేది.

ఒకనాడు హన్మమ్మ కొడంగల్ పోతానని బస్టాండుకు బయలుదేరింది. కాసేపటికి గొళ్ళెం చప్పుడైంది. చంకలో పిల్లవాడితో, చేతిలో కుట్టు విడిన గిలకతో యాదమ్మ లోపలికొచ్చింది.

"వదినె, జర గిది కుట్టు. ఇది లేకుంటె పండుకుంటలేడు."

నాగవ్వ గోడకు జరిగింది. "గిలక ఆడ పెట్టు. పిలగాన్ని ఇటు తేకు. నా చేతులు మంచియి కావు."

"గీ చేతులు కుట్టిందాన్నే గదా వాడు రోజూ నోట్ల పెట్టుకునేది! నాకు తెల్వదనుకున్నవా? అమ్మకు సూదిల దారం ఎక్కియ్యనీకే కండ్లు కనవడవు." అంటూనే యాదమ్మ పిల్లవాణ్ణి ఆమె ఒడిలో కూర్చోబెట్టింది.

వాడు వెచ్చగా, బరువుగా ఉన్నాడు. నాగవ్వ బొటనవేలు పట్టుకుని వదల్లేదు. ఆమె ఊపిరి తీయడానికి కూడా భయపడింది.

బస్సు తప్పిపోయి హన్మమ్మ అప్పుడే వెనక్కొచ్చింది. గుమ్మంలోనే కేక పెట్టి పిల్లవాణ్ణి లాక్కుంది. యాదమ్మ ఎంత చెప్పినా వినలేదు. అరిచి అరిచి హన్మమ్మ ఆగాక నాగవ్వ తలెత్తింది.

"ఇగ నేను కుట్టనత్తా."

"ఏందీ?"

"నా చేతులతోని నన్నే ఇయ్యనిస్తెనే కుడుత."

హన్మమ్మ మళ్ళీ గొళ్ళెం పెట్టింది. ఇరవై రోజులు గడిచాయి. నాగవ్వ సూది ముట్టలేదు. యాదమ్మ అత్తగారింటికి వెళ్ళిపోయింది. పటేలు ఇంట్లో తొట్టెల వేడుక దగ్గరపడింది, గిలక తెస్తానని హన్మమ్మ ఎప్పుడో మాటిచ్చింది. చాటుగా తానే కుట్టబోయి వేలంతా పొడుచుకుంది. చివరికి తలుపు తీసి, కోడలి ముఖం చూడకుండా అంది: "కుట్టు. ఎంబడి వద్దువు. అరుగు దాటి లోపటికైతే రావద్దు."

నాగవ్వ కుట్టింది. మూడేళ్ళకు వీధిలో నడిచింది. ఎండకు కళ్ళు నీళ్ళు కారాయి. ఆమెను పటేలు ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అత్త గిలకతో లోపలికి పోయింది. లోపల గిలక మోగింది. ఎవరు కుట్టారని ఎవరో అడిగారు. గిలక చప్పుడు ఆగింది. తర్వాత హన్మమ్మ గొంతు వినిపించింది: "నా కోడలు కుట్టింది."

లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

ఇంటికొచ్చేటప్పుడు హన్మమ్మ అంది: "వచ్చే నెల మర్పల్లిల ఒక తొట్టెలున్నది."

"లోపటికి రానిస్తెనే కుడుత" అంది నాగవ్వ.

అత్త అడుగుల వేగం పెంచింది. ఇంటికి చేరాక వెనక గది తలుపు దగ్గరికి మాత్రం వేసింది. గొళ్ళెం పెట్టలేదు.