నాన్న పెట్టిన సొట్ట

అమెరికాలోని విచిటాలో వెర్నా ఉన్రూ అనే ఆవిడ కార్ఖానాలో చిన్న విమానాల తలుపులకు గడియలు చేస్తారు. వాళ్ల నాన్న కాలం నుంచీ ఒక పెద్ద కంపెనీ పేరు మీద చేసిచ్చేవారు. ఆ కంపెనీ ఇక వద్దంది. పాత విమానాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి, గడియలు అరుగుతూనే ఉన్నాయి. సొంత పేరుతో అమ్ముకునే అనుమతి వస్తే కార్ఖానా నిలుస్తుంది, లేదంటే తాళమే.

అందుకు కొత్త గడియ అచ్చం అసలుదానిలా ఉందని రుజువు చెయ్యాలి. అసలుది చేసిందీ మేమేనండీ అంటే ప్రభుత్వ తనిఖీ అధికారి హ్యాడ్లీ వినలేదు. పాపం వెర్నా, కంపెనీ పేరుతో ఉన్న తన గడియనే కొట్లో కొనుక్కొచ్చి ఆయన ముందు పెట్టింది.

హ్యాడ్లీ భూతద్దంలో చూశాడు. "దీని వీపు మీద సొట్ట ఉంది. కొత్తదానికి లేదేం?"

"గడియని పట్టి బిగించే మా పాత వైసు పుణ్యమండీ. నాన్న ఒకసారి కింద పడేస్తే దవడ అంచు లేచింది. బిగించిన ప్రతి గడియకీ సొట్టే. పీడ పోయిందని ఈమధ్యే మార్చాం."

"సొట్టతో ఇన్నేళ్లు ఎగిరింది కాబట్టి పరవాలేదు. సొట్ట లేకపోతే పరవాలేదని ఎవరు చెప్పారమ్మా? పరీక్షలన్నీ చేయించండి, లేదా సొట్ట పెట్టండి."

పరీక్షలు చేయించాలంటే కార్ఖానానే అమ్ముకోవాలి. వెర్నా తన తమ్ముడు డెల్మార్ కొట్టానికి పరుగెత్తింది. పాత వైసు పట్టుకుపోయింది వాడే.

"చూడక్కా!" డెల్మార్ మురిసిపోయాడు. "అంచంతా ఆకురాయితో అరగదీశా. అద్దంలా లేదూ?"

"నిన్నెవడు బాగుచెయ్యమన్నాడురా దరిద్రుడా!" వెర్నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"జన్మలో ఒక్కటీ బాగుచెయ్యవని రోజూ తిట్టేది నువ్వే కదక్కా?"

చివరికి ఇద్దరూ వైసును మోసుకెళ్లి కార్ఖానా గచ్చు మీద పడేశారు. అంచు లేవలేదు.

"నాన్న ఎలా పడేశాడక్కా?"

"చర్చి పాట పాడుకుంటూ, ఎటో చూస్తూ."

పాడుతూ పడేశారు, ఎటో చూస్తూ పడేశారు. చీకటి పడేవేళకు అంచు లేచింది.

అనుమతి వచ్చింది. ఆమోదించిన నమూనాలో సొట్టకు చోటూ లోతూ రాసి ఉన్నాయి. వైసు పైన 'పడేయరాదు' అని బోర్డు పెట్టారు.

ఆ సొట్ట గురించి నాన్నను పోయేదాకా సాధించిన వెర్నా, ఇప్పుడు సొట్ట సరిగా పడని గడియ కనిపిస్తే చెత్తలో పారేస్తోంది. పారేసిన ప్రతిసారీ నాన్న గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంటోంది.